టాటానగర్‌లో బిరడా తిప్పని సాయంత్రం

జంషెడ్‌పూర్ వెళ్ళొచ్చానని తెలియగానే మా బొబ్బిలిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఉక్కు ఫ్యాక్టరీ చూశావా అని. చూశాను, గోడ బయటినుంచి. పొద్దుగూకాక ఆ వైపు ఆకాశం కాగిన పెనంలా ఎర్రబడటం కూడా చూశాను. అయితే నేను అంత దూరం వెళ్ళింది ఉక్కు కోసం కాదు. నేను చేసిన ఒక గిటారును దాని యజమానురాలి చేతికి అందించడానికి వెళ్ళాను. దారిలో చూసినవీ తిన్నవీ, ఆ ఊరి స్టేషను టాటానగర్‌లోని రైల్వే షెడ్డులో ఆ గిటారుకు వచ్చిపడిన చిక్కూ, అటువైపు వెళ్ళనివాళ్ళకోసం రాస్తున్నాను.

ముందు గిటారు సంగతి చెప్పాలి. నాది రేడియోలు బాగుచేసే కొట్టు. బడి పదో తరగతితో ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. మా శాఖా గ్రంథాలయంలో ఎవరూ ముట్టుకోని ఇంగ్లీషు సాంకేతిక పత్రికలు ఒక బీరువా నిండా ఉన్నాయి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాటిని వరసగా చదివాను. ఎలక్ట్రిక్ గిటారును కళ్ళతో చూడకముందే అది ఎలా పలుకుతుందో నాకు తెలుసు. అయస్కాంతం ముందు ఉక్కుతీగ కదిలితే, దాని చుట్టూ చుట్టిన సన్నటి రాగితీగలో కరెంటు పుడుతుంది. రేడియో యాంప్లిఫయరు ఆ కరెంటును పెద్దది చేసి వినిపిస్తుంది. రాగితీగ చుట్టడం నా వృత్తిలో పనే. కర్రకోసం వెతుక్కోనక్కర్లేదు. వీణలు చేసే ఊరు మాది. వాళ్ళు చెక్కగా మిగిలిన పనసకర్ర తెచ్చుకుని నేను గిటార్లు చేస్తాను.

నా గిటార్ల విషయంలో నాకొక పట్టుదల ఉంది. వీణ మీద తీగలు ఆనే పీటను గుర్రం అంటారు. గిటారులో దాని పేరు బ్రిడ్జి. అది రెండు రకాలు. ఒకటి కర్రకు బిగించేసిన, కదలని బ్రిడ్జి. రెండోది స్ప్రింగుల మీద ఊగేది. దానికి చిన్న ఇనప హ్యాండిల్ ఉంటుంది. నొక్కితే తీగలన్నీ ఒక్కసారిగా వదులై స్వరం జారుతుంది, వదిలితే తిరిగి పైకొస్తుంది. ట్రెమొలో అంటారు దాన్ని. పత్రికల్లో దాని బొమ్మలు చూసి నేనూ మొదట్లో ముచ్చటపడి ఒకటి చేశాను. స్వరం జారుతుంది, నిజమే. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బయల్దేరిన చోటికి రాదు. అప్పటినుంచి నేను చేసేవన్నీ కదలని బ్రిడ్జిలే. ఇత్తడి పలక ఆకురాయితో అరగదీసి, కర్రలోకి మరలతో బిగించి, తీగలను కర్ర వెనకనుంచి రంధ్రాల్లో దూర్చి పైకి తెస్తాను. తీగ మోగితే పనసకర్ర మోగుతుంది. మధ్యలో స్ప్రింగుకు పనిలేదు.

ఈ గిటారు మా అప్ప కూతురు గౌరి కోసం చేశాను. అక్కను మావైపు అప్ప అంటాం. మా బావ సింహాచలం టాటానగర్ రైల్వే షెడ్డులో ఇంజన్లు బాగుచేసే ఫిట్టరు. గౌరి అక్కడే పుట్టి, అక్కడే చదివి, కాలనీ ఆర్కెస్ట్రాలో అరువు గిటారు మీద వాయిస్తూ ఉండేది. సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు షెడ్డులో జరిగే కచేరీలో మొదటిసారి ఆమెను ముందు వరసలో నిలబెడతామన్నారు. సొంత గిటారు ఉండాలన్నారు. మేనమామను నేనున్నాను కదా.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం

గిటారును పాత బొంతలో చుట్టి, పైన గోనెసంచి కుట్టాను. నా ఎదురుగా కూర్చున్నాయన దాన్ని తుపాకీ అనుకున్నాడు కాబోలు, పిల్లలను అవతలి కిటికీ దగ్గరికి జరిపేశాడు. నాకు కాళ్ళు చాచుకునే చోటు దొరికింది. నేనూ కాదని చెప్పలేదు.

ఖరగ్‌పూర్‌లో బండి మారాలి. ప్లాట్‌ఫారం ఆ చివర కనబడదు. లూచీలు అమ్ముతున్నారు. మన పూరీలే, కాకపోతే మైదాపిండివి, తెల్లగా, ఊదితే ఎగిరిపోయేంత పలచగా ఉన్నాయి. ఆకులో ఐదు లూచీలు, పైన బంగాళాదుంప కూర, రూపాయి. టీ మట్టిముంతలో పోసి ఇచ్చారు. తాగేసి ముంతను పట్టాల మీదికి విసిరేయాలట. నిక్షేపంలాంటి ముంత పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. కడిగి సంచిలో పెట్టుకుంటుంటే టీ అమ్మేవాడు నన్ను జాలిగా చూసి మరో రెండు ముంతలు ఊరికే ఇచ్చాడు.

నా సామాను ఎత్తిన కూలీ పెద్దాయన తెలుగువాడే. ఖరగ్‌పూర్‌లో తెలుగు వినబడటం వింత కాదని తర్వాత తెలిసింది.

"ఏ ఊరు బాబూ?"

"బొబ్బిలి."

"బొబ్బిలంటే ఇది ఈణే అయ్యుంటాది. ఒకపాలి సూపించండి, పున్నెముంటాది."

గోనె కొంచెం విప్పి చూపించాను. ఆయన వంగి, వీణకుండే బోలు కుండ కోసం అటూ ఇటూ తడిమాడు.

"కుండేదండీ?"

"దీనికి కుండ ఉండదు. గట్టి కర్రే."

"కుండ నేకుండా ఎలా పలుకుతాది? ఎవుడో మిమ్మల్ని మోసం సేసినాడు బాబూ."

"చేసింది నేనే."

ఆయన గోనె మళ్ళీ కప్పేశాడు. "అలాగైతే బాగుంటాది లెండి," అని సామాను నెత్తికెత్తుకున్నాడు.

టాటానగర్ స్టేషను

స్టేషనుకు ముగ్గురూ వచ్చారు. అప్ప నన్ను చూసి, "ఒరే సత్యం, ఏట్రా ఇలా సిక్కిపోనావు? పుస్తకాలు తింటన్నావేటి?" అంది. బావ గోనెమూట నా చేతిలోంచి తీసుకుని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. గౌరి అక్కడే, ప్లాట్‌ఫారం మీదే కుట్లు తెంపేసింది. గిటారు బయటికి తీసి, తిరగేసి, మళ్ళీ తిరగేసి, నావైపు చూసింది.

"హ్యాండిల్ కహాఁ హై, మావయ్యా?"

హ్యాండిల్ ఏది అని. పెద్దవాళ్ళు తెలుగులో మాట్లాడితే ఆ ఊరి పిల్లలు హిందీలో జవాబు చెబుతారు. మావయ్య, అత్త లాంటి పిలుపులు మాత్రం తెలుగువి.

"ఉండదమ్మా. లేకపోవడమే దీని గొప్ప," అన్నాను. ఇన్నేళ్ళ నా చదువునూ మూడునెలల పనినీ ఒక్క ముక్కలో చెప్పానని నాకనిపించింది. ఆ పిల్లకు అలా అనిపించలేదు.

"ఓలమ్మా, మీ మావయ్య అంత దూరంనుంచి మోసుకొత్తే మొకం అలా ఎట్టుకుంటావేటే?" అని అప్ప గసిరింది.

వాళ్ళది రైల్వే క్వార్టరు. ఒక పక్క ఒడియావాళ్ళు, ఒక పక్క బెంగాలీలు, వెనక బీహారీలు. గోడమీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. అప్ప ఆవకాయ ఆవనూనెతో పెట్టింది. మనకు నువ్వులనూనె ఎలాగో అక్కడ ఆవనూనె అలాగ. మొదటి ముద్దకు ముక్కులోంచి పొగ వచ్చింది. రెండోరోజుకు నేనే అడిగి వేయించుకున్నాను. సాయంత్రం మరమరాల్లో పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి పెట్టారు. వాళ్ళు మూడీ అంటారు. ఇంటికొచ్చాక మావాళ్ళకు చేసి పెడితే ఒక్కళ్ళూ తినలేదు.

బట్టలతీగ

మర్నాడు రాబిన్ అనే కుర్రవాడు వచ్చాడు. బిర్సానగర్ వైపునుంచి సైకిలు మీద, వీపున తన గిటారు తగిలించుకుని. ఆర్కెస్ట్రాలో గౌరికి పోటీ అతనే, స్నేహితుడూ అతనే. అతని గిటారుకు మెరిసే హ్యాండిల్ ఉంది. అరుగుమీద కూర్చుని ఒక స్వరం మీటి హ్యాండిల్ నొక్కాడు. స్వరం నీళ్ళలో నీడలా ఊగింది. గౌరి నావైపు చూసింది. ఏమన్నా అనవేం అన్నట్టు.

బాగుందని నేనూ ఒప్పుకున్నాను. మరో నాలుగుసార్లు నొక్కమన్నాను. నొక్కాడు. ఇప్పుడు తీగలన్నీ కలిపి మీటమన్నాను. శ్రుతి చెదిరిపోయింది.

రాబిన్ నవ్వి, బిరడాలు తిప్పి సరిచేసుకున్నాడు. బిరడా అంటే తీగను బిగించే చెవి. "పాటకూ పాటకూ మధ్య గాయకుడు నీళ్ళు తాగుతాడు కదా అంకుల్, అప్పుడు తిప్పుకుంటా," అన్నాడు హిందీలో.

నేను పెరట్లోకి పిలిచాను. అక్కడ అప్ప బట్టలారేసే తీగలు రెండు కట్టి ఉన్నాయి, రెండూ ఇనపస్తంభంనుంచి జామచెట్టు కొమ్మకు. ఒక తీగమీద తువ్వాలు ఆరుతోంది. రెండో తీగమీద తడి దుప్పటి వేశాను. కొమ్మ వంగింది. మొదటి తీగ కూడా వాలిపోయి తువ్వాలు నేలకు తగిలింది.

"చూశారా? దుప్పటి వేసింది ఒక తీగమీద, వదులైంది ఇంకోది. కొమ్మ ఊగుతుంది కాబట్టి. మీ హ్యాండిల్ బ్రిడ్జి ఈ కొమ్మ. వేలితో ఒక తీగ పక్కకు లాగావా, బ్రిడ్జి ముందుకు వంగుతుంది, మిగతావన్నీ కిందికి జారతాయి. నాది ఆ స్తంభం."

రాబిన్ తలూపాడు. గౌరి మాత్రం, "లేకిన్ మావయ్యా, స్తంభం ఊగదు కదా. నాకు ఊపు కావాలి," అంది.

అప్ప వంటింట్లోంచి కేకేసింది. "మీ గిటారు పాఠం తగలెయ్య, ఆ తువ్వాలు మట్టిలో పొర్లతంది. ఎవులు ఉతుకుతారు?"

మాంగో వంతెన దాటి

ఆర్కెస్ట్రా నడిపే దాస్‌బాబు ఇల్లు నది అవతల మాంగో అనే పేటలో. కిక్కిరిసిన బస్సులో సువర్ణరేఖ వంతెన దాటాం. నది ఎర్రటి వరదతో నిండుగా ఉంది. పేరులో బంగారం ఉంది గానీ నీళ్ళు మాత్రం మన గోస్థనిలో వానాకాలం పారే నీళ్ళే. బజారులో లిట్టీలు తిన్నాం. గోధుమపిండి ఉండల్లో వేయించిన శనగపిండి కూరి, పిడకలమీద కాల్చి, నేతిలో ముంచి ఇస్తారు. తోడుగా కాల్చిన వంకాయ పచ్చడి. ఆ పచ్చడి ఒక్కటే మన ఇంటి రుచి. అమ్మేవాడు నేను అడిగి మరీ పచ్చడి వేయించుకోవడం చూసి, లిట్టీ తినడానికొచ్చావా, వంకాయ తినడానికొచ్చావా అన్నాడు.

దాస్‌బాబు బెంగాలీ, లావుపాటి మనిషి, ఎప్పుడూ జేబులో శ్రుతి చూసుకోవడానికి ఊదే చిన్న పీక ఒకటి ఉంటుంది. గౌరి గిటారు మీటగానే కళ్ళు మూసుకుని విన్నాడు. స్వరం చాలాసేపు నిలిచింది. "బాహ్," అన్నాడు. కళ్ళు తెరిచి గిటారు చూశాడు. "హ్యాండిల్ లేదే?"

కచేరీ మొదట్లో ఒక నెమ్మదైన బాణీ వాయిస్తారు, మాటల్లేకుండా, గిటారు ఒక్కటే ముందుండి. అందులో స్వరం ఊగకపోతే ఆ బాణీకి ప్రాణం లేదన్నాడు ఆయన. ఊపు రాకపోతే ముందు వరసలో రాబిన్ నిలబడతాడు, గౌరి వెనక నిలబడి గిటారు మీదే తాళం వాయిస్తుంది. పూజకు ఇంకా కొద్దిరోజులు ఉన్నాయి. కుదిరితే నీది, లేకపోతే అతనిది అని తేల్చేశాడు.

తిరుగు బస్సులో గౌరి గిటారును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వంతెన మీదికి వచ్చాక, "ఒక హ్యాండిల్ పెట్టించలేవా మావయ్యా? నాన్న షెడ్డులో చేసిపెడతాడు," అంది. ఈసారి తెలుగులో. కావాల్సినప్పుడు తెలుగు బాగానే వస్తుంది.

"పెట్టాలంటే దాని కడుపు కోయాలి. వెనక స్ప్రింగులకు గుంట తవ్వాలి. ఆ తర్వాత అది ఇలా పలకదు," అన్నాను. "వీణకు హ్యాండిల్ ఉందా? మావాళ్ళు స్వరాన్ని ఎలా ఊపుతారు? తీగను మెట్టుమీద పక్కకు లాగి వదులుతారు. కొమ్మను ఊపక్కర్లేదు, వేలు ఊగితే చాలు."

ఇంటికొచ్చి చూపించాను. నాకు వీణ రాదు, వీణలు చేసేవాళ్ళ దగ్గర కూర్చుని చూసిందే. అయినా ఒక్క స్వరం ఊపగలిగాను. గౌరి నా చేతిలోంచి గిటారు లాక్కుంది. ఆ రోజునుంచి పొద్దునా సాయంత్రమూ అదే పని. వేళ్ళు ఎర్రబడ్డాయి, తర్వాత బొబ్బలెక్కాయి, తర్వాత గట్టిపడ్డాయి. అప్ప ఆ వేళ్ళు చూసి, "ఆడపిల్ల సేతులు ఖలాసీ సేతుల్లా సేసేసినావు కదరా," అని నన్ను తిట్టి, వాటికి నెయ్యి రాసింది. బావ డ్యూటీనుంచి వచ్చి బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూర్చుని వినేవాడు. నాలుగో రోజుకు స్వరం ఊగింది. హ్యాండిల్ ఊపు అన్ని తీగలకూ ఒకేలా ఉంటుంది. ఇది అలా కాదు. కింద ఒక తీగ నిలకడగా మోగుతుంటే పైతీగ ఒక్కటే దానిమీద వాలి లేస్తుంది. దాస్‌బాబు ఆఖరి రిహార్సల్లో విని రాబిన్ భుజం తట్టి, "నువ్వు తాళం," అన్నాడు.

పూజనాడు

మనకు ఆయుధపూజ దసరాల్లో. కొడవలికీ, కుట్టుమిషనుకూ, స్కూటరుకూ ఎవరింట్లో వాళ్ళు బొట్టుపెట్టుకుంటాం. అక్కడ విశ్వకర్మ పూజ ఊరంతటిదీ. మర ఉన్న ప్రతిచోటా విగ్రహం ఉంటుంది. ఏనుగుమీద కూర్చున్న దేవుడు, చేతుల్లో సుత్తీ ఉలీ. రిక్షాలకు పూలదండలు, సైకిలుషాపులకు రంగుకాగితాలు. మామూలు రోజుల్లో లోపలికి రానివ్వని షెడ్డులోకి ఆ రోజు పెళ్ళాంపిల్లలందరినీ తీసుకుపోవచ్చు. ఆడవాళ్ళు పట్టుచీరలు కట్టుకుని ఇంజనుమీది బొట్లు చూస్తూ, మా ఆయన పనిచేసేది ఇక్కడే అని పిల్లలకు చూపిస్తున్నారు. మా అప్ప అన్నేళ్ళ కాపురంలో ఆ ఒక్కరోజే ఇంజను కింద బావ పనిచేసే గుంటలోకి తొంగి చూస్తుందట.

పొద్దున్నే గౌరి గిటారు శ్రుతిచేసి మంచంమీద పెట్టి స్నానానికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గిటారు లేదు. మీ నాన్న షెడ్డుకు తీసుకెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. స్టేజీమీద పెట్టడానికి అనుకున్నాం.

షెడ్డుకు వెళ్ళి చూస్తే విగ్రహం ముందు ఎర్రగుడ్డ పరిచి పనిముట్లన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. పానాలు, సుత్తులు, జాకీలు, ఆకురాళ్ళు. ఒక పెద్ద సుత్తికీ జాకీకీ మధ్య మా గిటారు. ఒంటినిండా సింధూరం బొట్లు, తీగలమీదుగా బంతిపూల దండ. నా చేతిపనికి అంతటి మర్యాద జరుగుతుందని కలలో కూడా అనుకోలేదు. బావ పక్కన నిలబడి వచ్చినవాళ్ళందరికీ, "మా బావమరిది సేసినాడు, సొంతంగా," అని చెబుతున్నాడు. పూజ ముగిసింది. బూందీ, కోసిన పళ్ళు, వేడి ఖిచిడీ పెట్టారు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

మధ్యాహ్నం దాటాక మైకులు సరిచూసుకుంటున్నారు. గౌరి వచ్చి గిటారు అందుకోబోయింది. పక్కనున్న ఫిట్టరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకు బేటీ. పూజ అందుకున్న పనిముట్టు రేపు పొద్దున్నదాకా పనిచేయకూడదు."

నవ్వుతూనే అన్నాడు గానీ మాట గట్టిగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నారు. ఆ రోజు ఆ వరసలోంచి ఒక మేకు కూడా ఎవరూ తీయరు. స్టేజీకి మేకులు కావలసి వస్తే బజారుకెళ్ళి కొత్తవి కొన్నారట. బావ మొహంలో రక్తం లేదు.

"ఏటి సేసినారు మీరు?" అంది అప్ప. "పాడబోయే పిల్ల నోట్లో గుడ్డ కుక్కినట్టు సేసినారు."

"నాకేటి తెల్సే. మన సామాను దేవుడి కళ్ళబడితే మంచిదనుకున్నాను."

దాస్‌బాబు గడియారం చూసుకుని రాబిన్‌వైపు తిరిగాడు. రాబిన్ తన గిటారు తీసి గౌరి ముందు పెట్టాడు. "నాది తీసుకో. నువ్వే వాయించు." నిజంగానే ఇచ్చాడు, మొహమాటానికి కాదు. గౌరి దానిమీద ఆ బాణీ అందుకుని, తీగ పక్కకు లాగింది. బ్రిడ్జి ముందుకు వంగింది, కింద నిలకడగా మోగాల్సిన తీగ కూడా జారిపోయింది. రెండోసారి లాగి చూసింది. గిటారు అతనికి తిరిగిచ్చేసి, విగ్రహంముందు ఎర్రగుడ్డ అంచున కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఎవరో వెళ్ళి రామ్‌సేవక్ మిస్త్రీని పిలుచుకొచ్చారు. షెడ్డులో అందరికంటే పెద్దవాడు. పూజలో కూర్చున్నదీ ఆయనే. హిందీలో మాట్లాడాడు, తెలుగులో రాస్తున్నాను.

"ఇది పనిముట్టా, బాజానా?" అన్నాడు.

"బాజా, వాయించేది," అంది గౌరి.

"పనిముట్ల వరసలో కూర్చుంది మరి," అన్నాడు అడ్డుపడిన ఫిట్టరు. "బొట్టు పెట్టించుకుంది."

"నువ్వూ పెట్టించుకున్నావు. నిన్నూ రేపటిదాకా కదలొద్దననా?" అంది మా అప్ప, వచ్చీరాని హిందీలో. అందరూ నవ్వారు. ఆ ఫిట్టరు కూడా నవ్వాడు గానీ దారి విడవలేదు.

మిస్త్రీ వంగి గిటారును ముట్టుకోకుండా చూశాడు. "పనిముట్టు చేసే పనేమిటి? కోయడం, కొట్టడం, బిగించడం, తిప్పడం. ఆ పనులు ఇవాళ లేవు. పాట పని కాదు. దీంట్లో కదిలేదేముంది?"

"ఏమీ కదలదు," అన్నాను నేను. "స్ప్రింగు లేదు, హ్యాండిల్ లేదు. బ్రిడ్జి కర్రకు బిగించేసి ఉంది."

"ఆ చెవులు తిప్పుతారుగా," అన్నాడు ఫిట్టరు బిరడాలు చూపిస్తూ. "లోపల పళ్ళచక్రం ఉంది. అది అచ్చంగా మరే."

నిజమే. పళ్ళచక్రం ఉంది. నేనే బిగించాను. ఏ పుస్తకంలోనూ దీనికి జవాబు చదివినట్టు గుర్తురాలేదు.

మిస్త్రీ గెడ్డం రుద్దుకున్నాడు. "అయితే ఇలా. వాయించనీయండి. కానీ రేపు పొద్దున పని మొదలయ్యేదాకా ఆ చెవులు ఎవరూ తిప్పకూడదు. తిప్పకుండా రాత్రిదాకా నిలుస్తుందా?" అని నన్ను అడిగాడు.

దాస్‌బాబు నవ్వేశాడు. "చెవి తిప్పకుండా కచేరీయా? రాబిన్ పాటపాటకూ తిప్పుతాడు."

అన్నిరోజులుగా కదలని బ్రిడ్జి గురించి కనబడిన వాళ్ళందరికీ చెప్పినవాణ్ణి. ఇప్పుడు గుమ్మంలోంచి మబ్బులవైపు చూశాను. తీగలు కొత్తవి, వాన పడేలా ఉంది, ఆ పిల్ల మొదటి కచేరీ.

"నిలబడతాది," అంది గౌరి. అంతమంది హిందీవాళ్ళ మధ్య తెలుగులోనే అంది. తర్వాత మిస్త్రీ వైపు తిరిగి, "రహేగా," అంది.

కచేరీ

దీపాలు వెలిగాయి. ఇంజన్ల మధ్య చెక్కబల్లల స్టేజీ. గౌరి మెడలో గిటారు, గిటారు మెడలో ఇంకా బంతిపూలు. దండ తీయడం కూడా తప్పేమోనని ఎవరూ తీయలేదు, తీగలకు తగలకుండా పక్కకు జరిపారంతే.

మొదటి బాణీ మొదలైంది. కింది తీగ నిలిచింది. పైతీగ దానిమీద వాలింది, ఊగింది, లేచి మళ్ళీ తన చోటికే వచ్చింది. షెడ్డు రేకుల కప్పు కింద ఆ స్వరం చాలాసేపు తిరిగింది. బావ రెండుచేతులూ జోడించి నిలబడ్డాడు, విశ్వకర్మకో గిటారుకో నాకు తెలియలేదు. రెండో పాట, మూడో పాట. పాటల మధ్య గాయకుడు నీళ్ళు తాగుతున్నాడు, రాబిన్ వెనక నిలబడి తన బిరడాలు తిప్పుకుంటున్నాడు. గౌరి చేతులు కట్టుకుని నిలబడింది.

వాన అందుకుంది. చల్లగాలి లోపలికి కొట్టింది. కొత్తగా వస్తున్న డిస్కో పాటొకటి వాయిస్తూ గౌరి గట్టిగా మీటింది. మూడో తీగ కొంచెం జారింది. నాకు తెలిసింది, ఆమెకు తెలిసింది. అలవాటుకొద్దీ ఆమె చెయ్యి బిరడా దగ్గరికి పోయింది.

"ఏయ్," అన్నారు ముందు వరసలో ఖలాసీలందరూ ఒకే గొంతుతో.

చెయ్యి వెనక్కు తీసుకుంది. నవ్వింది కూడా. తర్వాత ఆ తీగమీద స్వరం వచ్చినప్పుడల్లా వేలితో దాన్ని రవ్వంత పక్కకు లాగి, లోటును పూడ్చి, సరైన చోట నిలబెట్టింది. ఆ ఒక్క తీగ ఎంత లాగినా మిగతావి కదల్లేదు. ఇన్ని బొబ్బలూ ఇందుకే పనికొచ్చాయి. ఆమె ఏంచేస్తోందో జనంలో ఎవరికీ తెలియలేదు. పాట అయ్యాక రాబిన్ స్టేజీ పక్కకు వచ్చి నాతో అన్నాడు: "అంకుల్, అది వేలితో శ్రుతి చేసుకుంటోంది."

ఆఖరి పాటకు దాస్‌బాబు కూడా స్టేజీ ఎక్కి తల ఊపాడు. అయిపోయాక గౌరి గిటారును తనే తీసుకెళ్ళి సుత్తికీ జాకీకీ మధ్య పెట్టి వచ్చింది.

మర్నాడు పొద్దున

ఆ షెడ్డులో పూజ మర్నాడు పని మొదలుపెట్టడానికి ఒక పద్ధతుంది. అందరూ విగ్రహం ముందు చేరతారు. పెద్ద మిస్త్రీ వరసలోంచి సుత్తి ఎత్తి, వేలాడగట్టిన పట్టాముక్కను కొడతాడు. ఆ దెబ్బ తర్వాతే ఎవరి పనిముట్టు వాళ్ళు తీసుకుంటారు. నా తిరుగుబండి మధ్యాహ్నం. గిటారు తెచ్చుకోవడానికి గౌరితోపాటు నేనూ వెళ్ళాను.

రామ్‌సేవక్ మిస్త్రీ సుత్తి ఎత్తాడు. కొట్టలేదు. గౌరిని దగ్గరికి పిలిచాడు.

"ఎన్నో ఏళ్ళుగా మొదటి దెబ్బ నాదే. నిన్న నువ్వు చెయ్యి వెనక్కు తీసుకున్నావు. ఇవాళ మొదటి పని నీది. తిప్పు."

గౌరి గిటారు తీసుకుంది. యాంప్లిఫయరు లేదు. చెవి కర్రకు ఆనించి మూడో తీగ మీటింది. అంతమంది మగవాళ్ళు, అంత పెద్ద షెడ్డు, ఒక్క చప్పుడు లేదు. ఆ సన్నటి మోత నాకు కూడా వినబడింది. బిరడా మెల్లగా తిప్పింది. తీగ కొంచెం కొంచెంగా పైకెక్కి తన చోటికి చేరింది.

"బస్?" అన్నాడు మిస్త్రీ. చాలా అని.

"బస్."

సుత్తి దెబ్బ పడింది. ఆ వెంటనే పానాలు, జాకీలు, ఆకురాళ్ళు, ఎవరివి వాళ్ళు అందుకున్నారు. షెడ్డంతా ఒక్కసారిగా మోగింది. ఆ మోతలో గౌరి గుమ్మం పక్కన నిలబడి ఏదో వాయిస్తోంది. వేళ్ళు కదలడం కనబడింది గానీ నాకేమీ వినబడలేదు. బావ మాత్రం గుంటలోకి దిగబోతూ ఆగి, తల ఊపాడు.